చిక్కుడు చలికే ఎందుకు కాస్తుంది, దప్పళంలో అన్ని ముక్కలెందుకు

వానలు తగ్గగానే కూరగాయలు దండిగా ఉంటాయని సిటీలో చాలామంది అనుకుంటారు, బస్సులోంచి చూస్తే చేలన్నీ పచ్చగానే ఉంటాయి కదా మరి. కానీ ఎకరం రెండెకరాల రైతు ఇంట్లో కూరకి కటకటలాడేది సరిగ్గా అప్పుడే, సెప్టెంబర్ చివర్నుంచి నవంబర్ మొదటి వారాల దాకా. వేసవి చివర పెట్టిన బెండ అప్పటికి ముదిరిపోయి ఉంటుంది, తొలకరికి పెట్టిన బీర, కాకర పాదులు తెగుళ్లు పట్టి కింద నుంచి ఎండుకుంటూ వస్తాయి, వంగ టమాటా ఏమో ఇంకా నారుమడిలోనే ఉంటాయి లేదా నాటి నెల కూడా అయ్యుండదు, ఈలోపు ఒక ముసురు పట్టి నారు కుళ్లిందంటే మళ్లీ పోసుకోవాలి, అంటే ఇంకో మూడు నాలుగు వారాలు వెనక్కి.

దీనికి తోడు కార్తీకం. సగం ఊరు నీసు మానేస్తుంది, కొందరు ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టరు, అయ్యప్ప మాలలు కూడా ఆ రోజుల్లోనే మొదలవుతాయి. తినేవాళ్లు పెరిగే టైముకి కాపు ఇంకా అందుకోలేదు. కార్తీకంలో కూరగాయల రేట్లు మండిపోతున్నాయని ఏటా టీవీలో వచ్చే వార్త వెనక కథ చాలావరకు ఇదే, దళారులు ఉన్నారు, వాళ్ల సంగతి వాళ్లదే, కానీ అసలు మొక్కే ఇంకా రెడీగా లేదు.

మరి ఆ నెలన్నర ఇల్లు ఎలా గడుస్తుంది అంటే, ఎవరూ విత్తనం వేయనివాటితో, ముందే కోసి దాచినవాటితో. తెలంగాణలో వినాయక చవితికి తుమ్మికూర తినడం ఆనవాయితీ, అది గట్ల మీద దానంతటదే మొలిచేది. పొన్నగంటి నీళ్లున్న చోటల్లా ఉంటుంది. గునుగు అయితే జొన్న చేలో కలుపు కింద పీకేసే మొక్క, లేతగా ఉన్నప్పుడు ఆకు కూరకి పనికొస్తుంది, అది దాటి పువ్వు వేసిందంటే బతుకమ్మలోకి పోతుంది. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాలతో పాటు ఇలాంటి సాగుచేయని ఆకుకూరల గురించి కూడా ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతూ వచ్చాయి, 2019లో వాళ్లకి ఐక్యరాజ్యసమితి తరఫున ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. కోస్తా వైపు ఈ ఖాళీని పూడ్చేది కంద, గుమ్మడి, అరటికాయ. చాతుర్మాస్యం గట్టిగా పాటించే ఇళ్లలో కార్తీకంలో పప్పులు కూడా ఉండవు కాబట్టి కంద బచ్చలికి ఆ నెలలో ఉన్న గిరాకీ మామూలుది కాదు. కంద ముక్కలు చింతపండు పులుసులో ఉడికించేది రుచి కోసమే కాదు, దురద తగ్గడానికి కూడా. కందలో కంటికి కనపడని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, గొంతులో గుచ్చుకునేవి అవే, పులుపుతో ఉడికిస్తే ఆ బాధ తగ్గుతుంది. కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకం వచ్చాక ఈ దురద గొడవ చాలా తగ్గింది, ఇప్పుడు మార్కెట్లో దొరికే కందలో ఎక్కువ భాగం దురద పెట్టనిదే.

ఇక చలి మొదలవుతుంది, అక్కడి నుంచి కథ తిరగబడుతుంది.

నాటు చిక్కుడు గింజ తొలకరికే పెడతారు. జూన్‌లో పెట్టినా, బద్ధకించి ఆగస్టులో పెట్టినా, తీగ పందిరంతా అల్లుకుంటుంది తప్ప అక్టోబర్ దాకా పువ్వు జాడ ఉండదు. ఎరువు ఎక్కువై ఆకు మీదకి పోయింది అనుకుంటారు కొత్తగా పెంచేవాళ్లు, అది కూడా కొంత ఉండొచ్చు గానీ అసలు సంగతి పగటి పొడుగు. మన దగ్గర జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబర్‌కి 11 గంటలకి దిగుతుంది. ఆ రెండు గంటల తేడా మనకి పెద్దగా తెలీదు, చిక్కుడుకి తెలుస్తుంది. ఆకు రాత్రి చీకటి ఎంతసేపు ఆగకుండా ఉందో చూసుకుంటుంది, అది ఒక హద్దు దాటితేనే పూత. అనప (గింజ కోసం పెంచే చిక్కుడు రకం), కంది, గోంగూర, చామంతి అన్నిటిదీ ఇదే లెక్క. చామంతి రైతులు కొన్ని చోట్ల రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగించేది అందుకే, చీకటిని మధ్యలో తెంపేస్తే పూత వాయిదా పడుతుంది, పండక్కి టైముకి కోతకి వచ్చేలా చూసుకోవచ్చు. వీధి లైటు కింద పడ్డ చిక్కుడు పాదు పక్కవాళ్ల పాదు కన్నా ఆలస్యంగా పూస్తే అందులో దిష్టి ఏమీ లేదు.

ఇదే లెక్క గోంగూరకి ఉల్టా దెబ్బ కొడుతుంది. పగలు తగ్గేకొద్దీ అది పూతకి తిరిగిపోతుంది, పూత పడిందంటే ఆకు చిన్నదైపోతుంది, నారవుతుంది. అందుకే వానాకాలంలో నడుమెత్తు పెరిగిన మొక్క నుంచి ఆకు గిల్లుకుంటారు, చలికాలం మాత్రం గింజ ఒత్తుగా చల్లి నెల తిరిగేలోపే వేళ్లతో సహా పీకి కట్టలు కట్టి అమ్ముతారు, పూత ఆలోచన వచ్చేలోపే అనమాట. మార్కెట్లో పన్నెండు నెలలూ గోంగూర కనపడుతోంది కాబట్టి దానికి సీజన్ లేదనుకోవడం తప్పు, సాగు పద్ధతి మారుతోంది అంతే.

టమాటాది వేరే లెక్క, దానికి చీకటి కాదు రాత్రి చల్లదనం కావాలి. రాత్రిళ్లు వేడిగా ఉంటే పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పూత పూసినట్టే పూసి రాలిపోతుంది. నవంబర్‌లో రాత్రులు చల్లబడగానే అన్ని చేలల్లో ఒకేసారి కాయ నిలబడుతుంది. కాలీఫ్లవర్ గడ్డ కట్టడానికి, కొత్తిమీర మెంతికూర పువ్వు వేయకుండా ఆకు మీద ఉండటానికి కూడా చల్లదనమే కావాలి. వంకాయకి చలి ముదిరాక మొవ్వు, కాయ తొలిచే పురుగు ఉధృతి తగ్గుతుంది, పుచ్చు లేని లేత వంకాయలు దొరికేది ఆ రెండు మూడు నెలలే, అందుకని గుత్తొంకాయ ఎప్పుడు చేసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ వంటలోకి వద్దాం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే రెండు ముప్పావు ఎకరాల లోపు, వందలో 86 కమతాలు రెండు హెక్టార్ల లోపువే. అందులో వరో, వేరుశనగో, పత్తో పోగా కూరలకి మిగిలేది ఇంటి వెనక నాలుగు సెంట్లు, చేను గట్లు, బోరు దగ్గర తడి ఉండే చోటు. ఒక చిక్కుడు పందిరి, పది పన్నెండు వంగ మొక్కలు, గట్టు మీద కంది సాలు, ఎరువు దిబ్బ మీదకి పాకిన గుమ్మడి తీగ. ఇలాంటి చోట కాపు ఎప్పుడూ బుట్టల్లో రాదు. పొద్దున్నే తిరిగి కోస్తే చిక్కుళ్లు గుప్పెడు, వంకాయలు నాలుగు, టమాటాలు మూడు, ఏ ఒక్కటీ ఐదుగురికి కూర అవ్వదు. వంకాయ చిక్కుడుకాయ కూర, చిక్కుడుకాయ టమాటా, వంకాయ ములక్కాడ, టమాటా మెంతికూర పప్పు, ఈ జోడీలన్నీ రుచి కుదిరి నిలబడ్డాయి నిజమే, కానీ పుట్టింది మాత్రం ఈ గుప్పెడు లెక్కలోంచేనేమో అనిపిస్తుంది. మన చలికాలం వంటల్లో కలిపి వండేవి ఎందుకిన్ని అనే ప్రశ్నకి చిన్న కమతం కన్నా మంచి జవాబు లేదు. ఒకే పంట ఎకరాలకెకరాలు వేసే చోట ఇలాంటి కూరలు పుట్టడం కష్టం.

చిక్కుడు ఒలవడం మాత్రం తీరిక పని. రెండు వైపులా ఈనె తీయాలి, ముక్కు దగ్గర గిల్లి కిందికి లాగితే దారంలా వస్తుంది, అది మధ్యలో తెగిందంటే కాయ మరీ లేతదన్నా అయ్యుండాలి లేదా మన చెయ్యి అలవాటు లేనిదన్నా అయ్యుండాలి. తర్వాత కాయని విప్పి చూడాలి, లోపల పురుగు ఉంటే పైకి చిన్న నల్లచుక్క తప్ప ఏమీ కనపడదు, అందుకే చిక్కుడుని కత్తిపీట మీద గబగబా తరిగేస్తే పెద్దవాళ్లు ఊరుకోరు. మంచు బాగా పడే రోజుల్లో తీగ చివర్లకి నల్లగా పేనుబంక పడుతుంది, ఆకు మీద మంచు ఆరకముందే పొయ్యి బూడిద చల్లితే తడికి అంటుకుని ఉంటుంది. గ్యాస్ వచ్చాక ఆ బూడిద ఇళ్లలో లేదు, దాని బదులు వేపనూనె కొడుతున్నారు, పని చేస్తుంది కానీ దానికి డబ్బు పెట్టాలి.

ఈ గుప్పెడు లెక్క చివరికి ఎక్కడికి పోతుందంటే దప్పళానికి, కొన్ని ఇళ్లలో ముక్కల పులుసు అంటారు, సంక్రాంతికి చేసే కలగూర కూడా దీని చుట్టమే. ఆ సమయానికి ఇంట్లో ఏముందో చూడండి, అక్టోబర్ నుంచి అటక మీద ఉన్న తీపి గుమ్మడి ఉంది, సొరకాయ ఉంది, అప్పుడే తవ్విన చిలగడదుంపలు, వంకాయలు, కాసిని చిక్కుళ్లు, టమాటాలు. గుమ్మడి తొక్క గట్టిది కాబట్టి తొడిమ ఊడకుండా కోస్తే నెలలు ఆగుతుంది, కానీ ఒకసారి పగలగొట్టాక ఒక్క ఇంటివాళ్లే తినెయ్యలేరు. ముక్కలు చేసి ఇరుగుపొరుగుకి పంచాల్సిందే, సంక్రాంతికి గుమ్మడికాయ దానం ఇవ్వాలనే ఆచారం వెనక ఈ సంగతి కూడా ఉందేమో అనిపిస్తుంది, శాస్త్రం తెలిసినవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ములక్కాడ మాత్రం చలికాలం తక్కువ కాస్తుంది, రేటు కొండెక్కి కూర్చుంటుంది, అందుకే సంక్రాంతి దప్పళంలో అది వాసనకి ఒకటో రెండో కాడలు పడుతుంది.

దప్పళం ఎందుకు కొందరికి కుదరదు అంటే, పులుసు ముందే పోసేస్తారు. చింతపండు పులుపు తగిలితే కూరగాయ ముక్క మెత్తబడటం బాగా నెమ్మదిస్తుంది, గంటసేపు మరిగించినా చిలగడదుంప మధ్యలో గట్టిగానే ఉంటుంది, ఈలోపు సొరకాయ కరిగిపోతుంది. అందుకని ముందు ఉత్త నీళ్లల్లో ఉప్పు పసుపు వేసి దుంప, ములక్కాడ ఉడకనిచ్చి, తర్వాత గుమ్మడి, సొర, వంకాయ వేసి, ముప్పాతిక వంతు ఉడికాకే పులుసు పోయాలి. బెండకాయ ఉంటే దానిది ఉల్టా, పులుసు పోశాక వేస్తేనే జిగురు రాదు. ఆ తర్వాత బెల్లం, కారం, చివర్లో చెంచాడు వరిపిండి నీళ్లల్లో కలిపి పోస్తే చిక్కబడుతుంది, ఆవాలు మెంతులు ఇంగువ ఎండుమిర్చి పోపు. ముక్కలు పెద్దవిగానే ఉండాలి, సాంబార్ ముక్కల్లా కోస్తే మర్నాటికి ముద్ద అయిపోతుంది, దప్పళం అసలు రుచి వచ్చేదే మర్నాడు.

ఆవ పెట్టిన కూరల్లో కూడా ఇలాంటి కిటుకే ఉంది. ఆవాలు నీళ్లతో నూరినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, పొయ్యి మీద మరిగిస్తే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది, కాబట్టి కంద గానీ అరటికాయ గానీ చిక్కుడు గానీ ఉడికించి దింపాక, కాస్త వేడి తగ్గాకే ఆవ ముద్ద కలపాలి.

రాయలసీమ వైపు వెళ్తే కథ ఇంకో రకంగా ఉంటుంది, అక్కడ పెరడు కన్నా చేనే కూరలిస్తుంది. అనంతపురంలో ఏడాది మొత్తం మీద పడేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన, వర్షాధారం వేరుశనగలో సాళ్ల మధ్య కంది, అనప, అలసంద వేయడం పాత అలవాటు. అక్టోబర్ నవంబర్‌లో వేరుశనగ పీకేస్తారు, కంది అనప మాత్రం అలాగే నిలబడి ఉంటాయి, మిగిలిన తడితో, మంచుతో, ఈశాన్య రుతుపవనాల్లో ఒకటో రెండో వానలు పడితే వాటితో కాపుకొస్తాయి. డిసెంబర్ జనవరిలో అనపకాయల వాసన సంతలోకి అడుగు పెట్టకముందే తెలుస్తుంది, కాయ మీద జిడ్డులా చేతికంటుకునేది అదే, మంచు బాగా పడితే వాసన ఎక్కువుంటుందని అక్కడివాళ్ల లెక్క. చిత్తూరు, అనంతపురం ఇళ్లలో ఆ గింజల్ని రాత్రి నానబెట్టి పొద్దున ఒక్కోటీ బొటనవేలికి చూపుడువేలికి మధ్య నొక్కితే తోలు ఊడి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, అదే పితికిపప్పు. శేరు గింజలు పితకాలంటే నలుగురు కూర్చోవాలి, అందుకే అది ఇంట్లో జనం ఉన్న రోజుల కూర, రాగి సంగటితో. ఇప్పుడు పితికిన పప్పు ప్యాకెట్లలో అమ్ముతున్నారు, రేటు ఎక్కువ అని తిట్టుకుంటారు గానీ ఆ కూలి లెక్కేస్తే ఎక్కువేం కాదు.

డబ్బుల లెక్క కూడా చూడాలి, ఎందుకంటే తిండి బాగుంది అని చెప్పి రైతు బాగున్నాడు అనేస్తే అబద్ధం అవుతుంది. పగలు తగ్గడం, రాత్రి చల్లబడటం అందరి చేలకీ ఒకేసారి జరుగుతుంది, కాబట్టి కాపూ అందరికీ ఒకేసారే. డిసెంబర్ జనవరిలో టమాటా రేటు పడిపోయి పత్తికొండ వైపు రోడ్డు పక్కన పారబోసిన ఫోటోలు చాలా ఏళ్లల్లో చూసిందే, కోత కూలి, క్రేటు, ఆటో ఖర్చు కూడా రాకపోతే కోయకుండా వదిలేయడమే నయం. నవంబర్‌లో కొనలేకపోయిన కూరే జనవరిలో అమ్మలేకపోవడం, మధ్యలో గడిచేది రెండు నెలలే. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు పెట్టింది దళారి లేకుండా నేరుగా అమ్ముకోవడానికి, టౌనుకి దగ్గరున్న ఊళ్లవాళ్లకి అది బాగానే పనికొచ్చింది, కానీ నలభై కిలోమీటర్ల అవతల నుంచి రెండు బస్తాల వంకాయ తెచ్చేవాడికి పొద్దు పోవడం, బండి కిరాయి కలిపితే గిట్టదు. అలాంటివాడు ఇంట్లో తిన్న కేజీ విలువ అమ్మిన కేజీ కన్నా ఎక్కువ, ఎందుకంటే తినకపోతే అదే కూర బజార్లో చిల్లర రేటుకి కొనుక్కోవాలి, అమ్మితే వచ్చేది హోల్‌సేల్ రేటు. చిన్న రైతుకి పెరటి కూరలో లాభం కనపడేది ఈ తేడాలోనే, ఆదాయం పుస్తకంలో ఎక్కడా ఎక్కదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పైగా తుఫానులు. ఈశాన్య రుతుపవనాల టైము, చలికాలం కాపు మొదలయ్యే టైము ఒకటే. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ మీద పడింది, మిచౌంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటివి వచ్చినప్పుడు వరి గురించి వార్తలొస్తాయి, పందిరి కూలిన చిక్కుడు గురించి రావు. ముందు తేరుకునేది ఆకుకూరలే, తోటకూర పాలకూర చల్లితే నెల లోపు చేతికొస్తాయి, పందిరి పోయినవాళ్లకి మాత్రం ఆ ఏడాదికి అంతే, ఎందుకంటే నాటు చిక్కుడుని మళ్లీ పెట్టుకుంటే తీగ సాగకముందే పగలు మళ్లీ పెరగడం మొదలవుతుంది.

ఈ పగటి పొడుగు లెక్కని తప్పించడానికే చిక్కుడులో కొత్త రకాలు వచ్చాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్, అక్కడి వ్యవసాయ యూనివర్సిటీ ఇచ్చిన హెబ్బాళ రకాలు పగటి పొడుగుతో సంబంధం లేకుండా పూస్తాయి, తీగ పాకదు, పొద మాదిరి ఉంటుంది, పందిరి ఖర్చు లేదు. డ్రిప్ ఉన్నవాడు ఏ నెలలో కావాలంటే ఆ నెలలో వేసుకుని కార్తీకం రేటు పట్టుకోవచ్చు. రైతు వైపు నుంచి చూస్తే ఇది చాలా మంచి మాట, వాసన తగ్గింది రుచి తగ్గింది అని సిటీలో కూర్చుని అనడం తేలిక. పోయింది ఏదన్నా ఉందంటే ఒకే పాదు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రోజూ గుప్పెడు ఇచ్చే పద్ధతి, పొద రకాలు కాపంతా దగ్గర దగ్గరగా ఇచ్చేసి అయిపోతాయి, అమ్మేవాడికి అదే కావాలి, ఇంటికి తినేవాడికి పాత తీగే నయం. రెండూ వేసుకునేవాళ్లు ఉన్నారు, అమ్మకానికి పొద, పెరట్లో తీగ.

జనవరి దాటాక పని నిల్వల మీదకి మళ్లుతుంది. ఉసిరికాయ పచ్చడి అప్పటికే జాడీల్లో ఉంటుంది, పచ్చి చింతకాయలు గింజ ముదరకముందే దంచి ఉప్పు పసుపు వేసి పెట్టేస్తారు, పండుమిర్చి ఎర్రగా తిరగగానే దాన్ని చింతపండుతోనో గోంగూరతోనో తొక్కుతారు. బూడిద గుమ్మడి ముక్కలకి ఉప్పు రాసి గుడ్డలో కట్టి రాత్రంతా బరువు కింద పెట్టి నీరంతా కారాక మినప్పిండిలో కలిపి వడియాలు పెడతారు, ఆ నీరు సరిగ్గా పోకపోతే వడియం లోపల ఆరక బూజు పడుతుంది, అప్పటి ఎండలు ఇంకా మెత్తగానే ఉంటాయి కాబట్టి మబ్బు పట్టేలా ఉన్న రోజు పెట్టకూడదు.

ఫిబ్రవరి చివరికి చిక్కుడు ఆకు పసుపుబారుతుంది. విత్తనానికి చివరి కాయలు ఉంచడం చాలామంది చేసే పని, ఎలాగూ ముదిరిపోయాయి కదా అని, కానీ ఎండలు ముదిరేకొద్దీ చేలోనే కాయ మీద పుచ్చుపురుగు గుడ్లు పెట్టేస్తుంది, డబ్బాలో పోసిన రెండు నెలలకి పిండి రాలుతుంది. అందుకని డిసెంబర్ జనవరి కాపులోనే బాగా కాసే తీగ మీద కొన్ని గుత్తులకి గుడ్డ పీలిక కట్టి కోయకుండా వదిలి, ఎండాక ఒలిచి, మళ్లీ ఎండలో కరకరలాడేదాకా పెట్టి, బూడిదో ఎండు వేపాకో కలిపి మూత గట్టిగా బిగించాలి.